ఆఖరు ఎవరు?

వియన్నాలో దిగిన రెండో రోజుకే ఫెలిసాకి తల ప్రాణం తోకకొచ్చింది. ఊరు బాగాలేక కాదు, ఊరు లక్షణంగానే ఉంది. స్పెయిన్‌లోని తమ ఊరు పాలెన్సియా నుంచి వెంట వచ్చిన స్నేహితురాలు బెనిగ్నాతోనే వేగలేకపోతోంది. రాజుగారి మేడ చూపిస్తే, "ఇన్ని గదులు ఎవరు ఊడుస్తారే?" అంది. ఇక అక్కణ్ణించి బయటపడేదాకా నేల తప్ప ఇంకేమీ చూడలేదు. పెద్ద చర్చికి తీసుకెళ్తే మెడ వెనక్కి వంచి, "మన పాలెన్సియా చర్చి ముందు ఇదెంత?" అని లోపలున్న వాళ్లందరికీ వినబడేలా అడిగింది. కూరగాయల సంతకి తీసుకెళ్లడం మాత్రం ఫెలిసా స్వయంకృతం. బెనిగ్నా పాలెన్సియా మార్కెట్లో చేపలమ్మి బతికిన మనిషి. చేపల కొట్టు కనబడగానే ఆగి, ఎవరినీ అడక్కుండా ఓ చేప మొప్ప ఎత్తి చూసి, ముక్కు చిట్లించి, ఆ కొట్టువాడికి స్పానిష్‌లోనే నాలుగు తగిలించింది. భాష రాకపోయినా వాడికి విషయం బోధపడింది.

తిండి సంగతి ఇక చెప్పక్కర్లేదు. పాలెన్సియాలో మధ్యాహ్నం భోజనమంటే మూడింటికి. ఇక్కడ మూడింటికి వెళ్తే పొయ్యి ఆర్పేశామంటారు. "మనుషులకి ఆకలేసే వేళకి వంట ఆపేయడమేమిటే, వీళ్లకేమైనా శాపమా?" అని బెనిగ్నా ప్రతి హోటల్ గుమ్మంలోనూ నిలబడి వాదించింది. చివరికి ఒకచోట దొరికింది. పళ్లెం అంచులు దాటి వేలాడేంత పెద్ద వేయించిన దూడమాంసం ముక్క తెచ్చి ముందు పెట్టారు. బెనిగ్నా దాన్ని కత్తితో తట్టి చూసి, "ఇది కూరా, చెప్పు అట్టా?" అంది. అని, మొత్తం తినేసింది. ఫెలిసా పళ్లెంలో సగం కూడా తినేసింది. తిన్నాక సంచీలోంచి ఊరినుంచి తెచ్చుకున్న ఎండు సాసేజీ తీసి, "హమ్మయ్య, ఇప్పుడు భోంచేద్దాం" అంది.

ఇవన్నీ ఫెలిసా పళ్లు బిగబట్టి భరించింది. ఆమె వచ్చింది మేడలు చూడ్డానికి కాదు, ఆదివారం సాయంత్రం ఆడబోయే ఒపెరా కోసం.

ఫెలిసా తమ ఊరి నాటకశాలలో ముప్పై ఏళ్లు కోట్ల గదిలో పనిచేసింది. జనం వస్తారు, కోటు విప్పి ఇస్తారు, నంబరు బిళ్ల తీసుకుని లోపలికెళ్తారు. తలుపు మూసుకుంటుంది. కోట్లకి కాపలా ఉండాలి కదా, ఫెలిసా బయటే ఉంటుంది. అలా తలుపు ఇవతల కూర్చుని ఎన్నో ఒపెరాలు విన్నది, ఒక్కటీ చూడలేదు. వాటిలో ఒకటంటే ఆమెకి ప్రాణం. దాని చివరి అంకంలో ఉన్నట్టుండి పాటా వాయిద్యాలూ అన్నీ ఆగిపోతాయి. చాలాసేపు ఏమీ వినబడదు. ఆ కాసేపట్లో ఫెలిసా హ్యాంగర్లు సర్దుకునేది. ఓసారి అదే సమయంలో మేనేజరు తలుపు సందులోంచి తల బయటపెట్టి, ఆమెకేసి ఉరిమి చూసి, పెదవుల మీద వేలుంచి వెళ్లాడు. ఎందుకో అర్థం కాలేదు. లోపల ఏం జరుగుతుందని కోట్లు తీసుకునేవాళ్లని అడిగితే, "అప్పుడా? ఏమీ జరగదు" అని కోటు తొడుక్కుంటూ వెళ్లిపోయేవాళ్లు. ఏమీ జరగనిదానికి అంతసేపెందుకు? రిటైరైన తర్వాత కూడా ఆ ప్రశ్న ఆమెని వదల్లేదు. వియన్నాలో అదే ఒపెరా ఆడుతున్నారనీ, నిలబడి చూసే టిక్కెట్లు అప్పటికప్పుడు అమ్ముతారనీ తెలిశాక కాలు నిలవలేదు.

"ఒక్కదానివే వెళ్తావా? నోట్లో నాలుక లేనిదానివి, అక్కడ నిన్ను అమ్మేసినా అడిగే దిక్కుండదు" అని బెనిగ్నా తనూ బయల్దేరింది.

ఆదివారం మధ్యాహ్నం ఇద్దరూ పెందలాడే ఒపెరా హాలు గుమ్మం దగ్గరికి చేరారు. టిక్కెట్ల కిటికీ ఇంకా తెరవలేదు. పట్టుమని పదిహేను మంది కూడా లేరు. ఫెలిసా గుండె తేలికపడింది. బెనిగ్నా వరస దగ్గరికెళ్లి గొంతెత్తి, "ఆఖరు ఎవరు?" అంది. ఎవరూ పలకలేదు. చివర నిలబడ్డ ముసలాయన భుజం తట్టి, ఆయన్నీ తమనీ వేలితో చూపించి, మళ్లీ అడిగింది. ఆకుపచ్చ టోపీ పెట్టుకున్న ఆ పెద్దమనిషి మర్యాదగా నవ్వి తలూపాడు.

"అయిపోయింది. మనం ఆకుపచ్చ టోపీ తర్వాత. పద, తిందాం" అంది బెనిగ్నా.

ఇక్కడొక మాట చెప్పాలి. తప్పు ఒక్క బెనిగ్నాదే కాదు. పాలెన్సియా మార్కెట్లో వరసలో నిలబడేవాళ్లు ఎవరున్నారు? వస్తావు, ఆఖరు ఎవరని అడుగుతావు, ఎవరో చెయ్యెత్తుతారు, ఆ మొహం గుర్తుపెట్టుకుని పోయి రొట్టె కొనుక్కుంటావు, పక్కింటావిడతో కబుర్లాడతావు. గంట తర్వాత వచ్చినా నీ వంతు నీదే. దాన్ని కాదన్నవాళ్లని ఊరు ఊరంతా కడిగేస్తుంది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ అదే చూసిన ఫెలిసాకి కూడా ఆయన తలూపడం చూశాక ఏ దిగులూ మిగల్లేదు. ఇద్దరూ సందు చివర బండి దగ్గర ఆవముద్దతో వేడి సాసేజీలు తిన్నారు. తీపి లేకుండా అదేం భోజనమని బెనిగ్నా కాఫీ హోటల్లోకి లాక్కెళ్లింది. అక్కడ ఆపిల్ ముక్కలు కూరిన పేస్ట్రీ తెచ్చిచ్చిన మనిషి కాఫీతోపాటు గ్లాసెడు నీళ్లు పెడితే, "కాఫీ చిక్కగా ఉందని ఒప్పుకుంటున్నాడు" అంది.

తిరిగొచ్చేసరికి వరస మలుపు తిరిగి కనుచూపుమేర పోయింది. ఆకుపచ్చ టోపీ కిటికీ దాకా చేరాడు. బెనిగ్నా తిన్నగా వెళ్లి ఆయన వెనక నిలబడి ఫెలిసాని చెయ్యి పట్టి లాగింది. అంతే, వెనకనున్న కళ్లజోడావిడ కయ్యిమంది. ఆమె వెనకవాళ్లు అందుకున్నారు. యూనిఫాంలో ఉన్న మనిషి వచ్చి వరస చివర చూపించాడు.

"ఈయన్ని అడగండి. మా వంతు ఈయన తర్వాతే" అని బెనిగ్నా ముసలాయన చొక్కా చెయ్యి పట్టుకుంది. ఆయన బిత్తరపోయి ఏదో చెప్పబోయాడు. యూనిఫాం మనిషి వినలేదు. ఇద్దరినీ చివరికి నడిపించాడు. ముందు నలుగురున్నారనగా టిక్కెట్లు అయిపోయి కిటికీ మూసేశారు.

ఫెలిసా మెట్ల పక్కన బల్ల మీద కూలబడింది. ఒళ్లు మండిపోతోంది.

"ముప్పై ఏళ్లు తలుపు బయట కూర్చున్నానే" అంది. "విమానం ఎక్కి, దేశాలు దాటి వచ్చి, మళ్లీ తలుపు బయటే కూర్చున్నాను. నీ సాసేజీ కోసం."

"అడిగాను కదే. ఆయన తలూపాడు."

"ఊపుతాడు. నువ్వేమడిగినా ఊపుతాడు. ఆయనకి నీ భాష వచ్చా? నువ్వు లేకపోతే నేను నోరు మూసుకుని వరసలో నిలబడేదాన్ని. ఈపాటికి లోపల ఉండేదాన్ని."

బెనిగ్నా వచ్చి బల్ల చివర కూర్చుంది. లోపల వాయిద్యాలు మొదలయ్యాయి, తలుపుల వెనకనుంచి, ఎప్పటిలాగే. చాలాసేపటికి బెనిగ్నా మెల్లగా సంచీ తెరిచి రొట్టెముక్క అందించింది.

"ఆ సంచీ మూస్తావా, నన్ను లేచిపొమ్మంటావా?" అంది ఫెలిసా. బెనిగ్నా సంచీ మూసేసింది.

విరామంలో జనం గాలి పీల్చుకోవడానికి బయటికొచ్చారు. వాళ్లలో ఆకుపచ్చ టోపీ కనబడింది. బల్ల మీద వీళ్లిద్దరినీ చూసి ఆగాడు. బెనిగ్నాని చూపించాడు, తన వెనక చోటు చూపించాడు, అప్పుడేదో అర్థమైనట్టు నుదురు కొట్టుకున్నాడు. తర్వాత మోకాలు పట్టుకుని మొహం చిట్లించి, ఇక నిలబడలేనని చెయ్యి ఊపి, జేబులోంచి తన టిక్కెట్టు తీసి వాళ్ల ముందు పట్టాడు. ఒక్కటే టిక్కెట్టు.

ఫెలిసా బెనిగ్నాకేసి చూసింది.

"నన్ను చూస్తావేంటే? నాకా అరుపులు పడవు. వెళ్లు" అంది బెనిగ్నా. ఫెలిసా కోటు విప్పి ఆమె చేతుల్లో పడేసి, పరుగులాంటి నడకతో లోపలికెళ్లింది.

లోపల ఆమె ముందు తాటిచెట్టంత మనిషి నిలబడ్డాడు. పక్కనున్నవాడు పిప్పరమెంటు నములుతున్నాడు. ఇక్కడా నా ఖర్మేనా అనుకుంటూ మెడ ఒకవైపుకి వంచితే సగం రంగస్థలం కనబడింది. ప్రతి పాటా ఆమెకి కంఠతా వచ్చు. ఆఖరి అంకంలో పాట ఆగిపోయింది. ఫెలిసా మునివేళ్ల మీద లేచింది. రంగస్థలం మీద ఒకావిడ కుర్చీలో కూర్చుని తలుపుకేసి చూస్తోంది, అంతే. వాళ్లు చెప్పింది నిజమే, ఏమీ జరగడం లేదు. ఉసూరుమని చుట్టూ చూసింది. అంత పెద్ద హాల్లో ఒక్కరూ కదలడం లేదు. ముందున్నవాడు కమ్మీని గట్టిగా పట్టుకున్నాడు. పిప్పరమెంటు దవడ ఆగిపోయింది. తను కూడా ఊపిరి తీసుకోవడం లేదని అప్పుడు తెలిసింది. ఇన్నాళ్లూ ఈ నిశ్శబ్దంలోనా నేను హ్యాంగర్లు గలగలలాడించింది అనుకుంటే సిగ్గేసింది, నవ్వొచ్చింది, కళ్లమ్మట నీళ్లు కూడా వచ్చాయి.

ఆట అయ్యాక బయటికొస్తే, బల్ల ఖాళీగా ఉంది. బెనిగ్నా తలుపు దగ్గర, వదిలేసి వెళ్లిన చోటే నిలబడి ఉంది. కోటు రెండు చేతుల మీద పరిచినట్టు పట్టుకుంది. చలికి ముక్కు ఎర్రబడింది. సంచీ మూత తియ్యనే లేదు.

"కూర్చోలేదేమే?" అంది ఫెలిసా.

"ఎలా కూర్చోను? ఈ ఊళ్లో కదిలితే వంతు పోతుంది కదా. నేను కదిలానని నిన్ను లోపల్నించి పంపించేస్తే?"

ఫెలిసాకి మూడు రోజుల కోపం ఎటు పోయిందో తెలీలేదు. బెనిగ్నా ఆ కోటు తెరిచి పట్టుకుంది. ఫెలిసా వెనక్కి తిరిగి అందులో చేతులు దూర్చింది. ఇన్నేళ్లలో ఆమెకి కోటు పట్టినవాళ్లు లేరు.

"సరే, పాట ఆగిపోయిన ఆ కాసేపట్లో లోపల ఏం చేస్తార్ట?" అంది బెనిగ్నా.

"ఏమీ చెయ్యరు. ఒక్కరూ కదలకుండా ఉంటారు. నీలాగే."

బెనిగ్నా వంగి పిక్కలు నొక్కుకుంది.

"పాపం, వాళ్లకీ కాళ్లు పీకేసి ఉంటాయి" అంది.