ఆగిన బండికి డీజిల్ కావాలి

నేను ముంబైలో మా కాంట్రాక్టరు సేఠ్ కారు నడుపుతాను. ఈ రోజు గ్రాంట్ రోడ్ దగ్గర వంతెన దిగుతుంటే, గేర్‌లో ఉంచి యాక్సిలేటర్ మీద నుంచి కాలు తీస్తే చక్రాలే ఇంజన్‌ను తిప్పుతాయని, బండి డీజిల్‌ను తనంతట తానే ఆపేస్తుందని ఆయనకు చెప్పాను. సేఠ్ మురిసిపోయాడు. వెంటనే కామాటిపురలో మా పని దగ్గరికి ఫోన్ కొట్టాడు. "సిమెంటు రాక పని ఆగింది గదా, కూలోళ్లకు ఇయ్యాల బువ్వ బంద్ పెట్టు."

సిగ్నల్ పడి ఆగాం. "సేఠ్, నిలబడ్డ బండికి మళ్ల డీజిల్ కావాలె. లేకుంటే ఇంజన్ బంద్ పడ్తది" అన్నాను.

"ఇంజన్ బంద్ పడ్తే ధక్కా కొట్టాలె. ఈ కూలోళ్లు పోతే పాలమూరు నుంచి వేరేటోళ్లు వస్తరు" అన్నాడు.

ఈ సాయంత్రం పాలమూరులో ముంబై బస్సెక్కి ఇది చదువుతున్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, సద్ది కట్టుకున్నారా?