గరిక మీద అరచెయ్యి

పోయినవన్నీ ముందే రాస్తాను.

పర్మనెంట్ నౌకరి ఒకటి. అది నాది కాదు, నా భార్య తమ్ముడిది. ఆదివారాలు నలభై మూడు. గోల్ఫ్ మైదానానికి పోయిన పదకొండు నెలల్లో నలభై ఏడు ఆదివారాలు వచ్చాయి, నేను వెళ్లనివి నాలుగు తీసేశాను. రెండు వందల పేజీల నోటుబుక్కు ఒకటి, అందులో నూట అరవై నాలుగు పేజీలు నిండాయి. వారానికి ఒక పూట నా పక్కన కూర్చుని అన్నం తినే మనిషి ఒకడు. నేను అబద్ధమాడనని నలుగురిలో ఉన్న పేరు ఒకటి. నా భార్య నన్ను ఎగతాళి చేస్తూ మాట్లాడే మాటలు. వాటికి లెక్క రాసి పెట్టుకోలేదు, రోజుకు అయిదారు ఉండేవేమో.

మాది సోలాపూర్‌లో జోడ్‌భావి పేట్. టర్కీ తువ్వాళ్లు నేసే కార్ఖానాలో నాది చెకింగ్ పని. మగ్గం మీది నుంచి దిగిన ప్రతి తువ్వాలును బల్ల మీద పరిచి, అరచేత్తో ఒకసారి అటు, ఒకసారి ఇటు నిమురుతాను. పైన బొచ్చులా నిలిచే నూలు కుచ్చు ఎక్కడ లేవలేదో, పోగు ఎక్కడ జారిందో కంటికంటే ముందు చేతికి తెలుస్తుంది. రోజుకు ఆరు వందల తువ్వాళ్లు, ఇరవై ఆరేళ్ల నుంచి. పదో తరగతి తప్పినవాణ్ని. లెక్కలు నా అంతట నేనే నేర్చుకున్నాను. కార్ఖానాలో ఎవరి కూలి లెక్క తేడా వచ్చినా నా దగ్గరికే వచ్చేవారు.

బామ్మర్దికి హోట్గి రోడ్ అవతల ఒక గోల్ఫ్ క్లబ్బులో గడ్డి కోసే పని. రోజు కూలి. తొమ్మిది గుంటల చిన్న మైదానం అది. ఎన్ని తక్కువ దెబ్బల్లో బంతిని గుంటలో వేస్తే అంత గొప్ప. గుంట చుట్టూ గడ్డిని తివాచీలా పొట్టిగా కోసి ఉంచుతారు, దాన్ని గ్రీన్ అంటారు. అక్కడ బంతిని కొట్టరు, మెల్లగా దొర్లిస్తారు. క్లబ్బులో కొత్తవాళ్లకు ఆట నేర్పడానికి ఇద్దరిని పర్మనెంట్‌గా తీసుకుంటామనీ, పనివాళ్లలోనే పోటీ పెట్టి మొదటి ఇద్దరికి ఇస్తామనీ ఏడాది ముందే చెప్పారు.

ఒక ఆదివారం అన్నం తింటూ బామ్మర్ది అన్నాడు.

"బావా, గ్రీన్ మీదికి అందరి లెక్కనే వస్తున్న. ఆడికి వచ్చినంకనే మూడు, నాలుగు దెబ్బలు పడుతున్నయ్. నేల ఎటు వాలిందో కండ్లకు దొరుకుతలేదు. నువ్వు లెక్కల మనిషివి గద, జెర వచ్చి చూడరాదు."

నా భార్య చాటలో ఆకు పెట్టుకుని బీడీలు చుడుతోంది. తల ఎత్తకుండానే అడిగింది.

"తువ్వాళ్ల లెక్క సాల్తలేదా నీకు? ఇగ గడ్డి లెక్క గూడనా?"

"నీ తమ్ముని కోసమే."

"మా తమ్ముని కోసమైతే మంచిగ చూడు. నీ కోసం చూడకు."

అందరం నవ్వాం.

క్లబ్బులో సభ్యులు రాకముందు పనివాళ్లను గంటసేపు ఆడుకోనిచ్చేవారు. నేను సగం నీళ్లు పోసిన సీసాను గ్రీన్ మీద పడుకోబెట్టి వాలు కొలిచాను. బంతి నుంచి గుంటకు ఎన్ని అంగలో కొలిచాను. ఇంత దూరానికి, ఇంత వాలుకు, గుంటకు ఎంత పక్కగా గురి పెట్టాలో నోటుబుక్కులో గళ్లు గీసి రాశాను. రెండు నెలలు గడిచినా పది బంతుల్లో గుంటకు మూరెడు లోపల ఆగేవి నాలుగే. తప్పినవన్నీ ఒకే పక్కకు తప్పినా సరిదిద్దుకునేవాణ్ని. అలా కూడా లేదు.

"లెక్క మంచిగనే ఉన్నది బావా, బంతికే చదువు రాదు" అనేవాడు బామ్మర్ది.

ఒక పొద్దున గ్రీన్ అంచున గొంతుకూర్చుని ఉన్నాను. ఇటు నుంచి గడ్డి తెల్లగా మెరుస్తోంది. లేచి అటు పోయి కూర్చుంటే అదే గడ్డి నల్లపచ్చగా ఉంది. చెయ్యి దానంతట అదే పోయింది. ఒకసారి అటు నిమిరాను, ఒకసారి ఇటు. ఒక దిక్కున మెత్తగా పడుకుంది, ఇంకో దిక్కున అరచేతికి గరుకుగా ఎదురు తిరిగింది. అచ్చం టర్కీ తువ్వాలే.

గ్రీన్ మీద ఉండేది గరికలోనే ఒక రకం. అది నిలబడి పెరగదు, ఒక దిక్కుకు వాలి పెరుగుతుంది. తెల్లగా మెరిస్తే మన నుంచి అవతలికి వాలినట్టు, బంతి వడిగా పోతుంది. నల్లగా కనిపిస్తే మన మీదికి వాలినట్టు, బంతి త్వరగా ఆగిపోతుంది. అడ్డంగా వాలి ఉంటే బంతిని తన దిక్కుకు లాగుతుంది. నా లెక్కలో నేల ఉంది, గడ్డి లేదు. ఇంకో గడి గీసి గడ్డి దిక్కు కూడా రాయడం మొదలుపెట్టాను. నెల తిరిగేసరికి నాలుగు బంతులు ఎనిమిదయ్యాయి.

బామ్మర్ది గ్రీన్ మీద బోర్లా పడుకుని గడ్డిని చూశాడు.

"ఏడేండ్ల సంది దీన్ని కోస్తున్న. ఇది పడుకుంటదని నాకు తెల్వకపాయె" అన్నాడు. తర్వాత లేచి, "గని బావా, పోటీల మాత్రం చెయ్యి వెట్టద్దు. ఆడేటోడు గాని, వాని కర్రల సంచి మోసేటోడు గాని గ్రీన్‌ను రుద్ది చూస్తె రెండు దెబ్బలు కలుపుతరు. కండ్లతోనే చూడాలె."

"తెలుసులే" అన్నాను. రెండు దెబ్బలు అని నోటుబుక్కు అట్ట లోపల రాసుకున్నాను కూడా.

ఇక్కడి నుంచి రాయడానికి నాకు సిగ్గుగా ఉంది. లెక్క కుదిరాక నేను ఊరుకోలేదు. కార్ఖానాలో చాయ్ తాగేటప్పుడు దాని గురించే మాట్లాడేవాణ్ని. మగ్గాల మీదివాళ్లు ఏడిపించేవారు.

"ఏంది మాస్టర్, గడ్డిల అంగుళానికి ఎన్ని పోగులున్నయ్?"

"నవ్వుండ్రి. మా బామ్మర్ది ఫస్ట్ రాకపోతే అప్పుడడుగుండ్రి నన్ను" అన్నాను.

నౌకరీకి రెండో స్థానం సరిపోతుంది. ఫస్ట్ అన్నది నేనే.

పోటీ వానలకు ముందు పెట్టారు. బామ్మర్ది సంచి నేను మోశాను. ఒక్కొక్కరే తొమ్మిది గుంటలు ఆడి రావడం, అంకె పలక మీద రాయడం. మా ముందు అందరూ ఆడేశారు. పలక మీద మొదటివాడిది నలభై నాలుగు, రెండోవాడిది నలభై ఏడు. ఎనిమిది గుంటలకు బామ్మర్దివి ముప్పై తొమ్మిది. తొమ్మిదోదానికి రెండు దెబ్బల్లో గ్రీన్ మీదికి వచ్చాడు, నలభై ఒకటి. అక్కడి నుంచి రెండింటిలో వేస్తే నలభై మూడు, మొదటి స్థానం. అయిదింట్లో వేసినా నలభై ఆరు, రెండో స్థానం, నౌకరి ఖాయం. ఇదంతా నాకు నోటి లెక్క.

అప్పుడే మబ్బు కమ్మింది. ఎండ పోయేసరికి గడ్డిలో మెరుపూ లేదు, నలుపూ లేదు. అటు చూసినా ఇటు చూసినా ఒకటే రంగు. బామ్మర్ది గుంట అవతలికి పోయి, నాకు వీపు పెట్టి గుంట వెనక వాలు చూస్తున్నాడు. నేను బంతికి రెండడుగుల దూరంలో గొంతుకూర్చున్నాను. చెయ్యి కిందికి పోయింది. అటు ఒకసారి, ఇటు ఒకసారి. గడ్డి కుడికి వాలి ఉంది.

అలవాటులో పోయిందని చాలాసార్లు చెప్పుకున్నాను. మొదటిసారి నిమిరింది అలవాటే. రెండోసారి నిమిరేటప్పుడు నాకు తెలుసు.

"ఎడమకు బెత్తెడు ఎక్కువ పెట్టు" అన్నాను. బంతి గుంట పక్కన ఆగింది. ఇంకో దెబ్బకు లోపల పడింది. నలభై మూడు.

దెబ్బల లెక్క రాసిన కార్డు మీద సంతకం పెట్టకముందే క్లబ్బు సెక్రెటరీ మా దగ్గరికి వచ్చాడు. పెద్దమనిషి, మెల్లగా మాట్లాడతాడు. మరాఠీలో నన్ను అడిగాడు.

"కాకా, తుమ్హీ గవతాలా హాత్ లావలా కా?"

గడ్డికి చెయ్యి తాకించారా అని. ఎవరో చూసి చెప్పారన్నమాట. నేను నోరు తెరిచేలోపల బామ్మర్ది అందుకున్నాడు. మా బావ అట్లా చేయడు సాహెబ్, ఒక్క తువ్వాలు ఎక్కువ వచ్చినా వెనక్కి ఇచ్చే మనిషి, మీరు ఎవరినైనా అడగండి అని మరాఠీలో చెప్పి, నా భుజం మీద చెయ్యి వేశాడు.

ఆ చెయ్యి భుజం మీద ఉండగానే నేను "నాహీ" అన్నాను, లేదని.

అరగంటకు ఫోను బయటికి వచ్చింది. నలభై ఏడువాడి సంచి మోసినవాడు దూరం నుంచి వీడియో తీశాడట. నాలుగు సెకన్లు. నా తెల్ల చొక్కా, నా చెయ్యి, అటు ఒకసారి, ఇటు ఒకసారి. సెక్రెటరీ దాన్ని మూడుసార్లు చూశాడు. కోప్పడలేదు. తాకినందుకైతే రెండు దెబ్బలు కలిపేవాళ్లం, అంతటితో అయిపోయేది, అడిగితే అబద్ధం చెప్పారు, సంచి మోసేవాడి నడతకు ఆడేవాడే జవాబుదారి అన్నాడు. బామ్మర్ది పేరు మీద అడ్డంగా ఒక గీత గీశాడు. నౌకరీలు నలభై నాలుగుకు, నలభై ఏడుకు పోయాయి.

సిటీ బస్సు కోసం రోడ్డు పక్కన నిలబడ్డాం. బామ్మర్ది ప్యాంటుకు అంటిన గడ్డి దులుపుకున్నాడు. తర్వాత అడిగాడు.

"రెండు కలిపితే నలభై అయిదు గద బావా?"

"ఊఁ."

"రెండో నంబర్‌ల ఉంటుంటి."

"ఉంటుంటివి."

"నువ్వు నాహీ అన్నప్పుడు అది తెల్వదా నీకు?"

తెలుసు. సెక్రెటరీ ప్రశ్న పూర్తయ్యేలోపలే నలభై మూడు, రెండు, నలభై అయిదు అని కూడేశాను. నలభై అయిదు నలభై ఏడుకంటే తక్కువ, నౌకరి ఎక్కడికీ పోదు అని కూడా తెలుసు. పోయేది ఫస్ట్ ఒక్కటే. సోమవారం చాయ్ దగ్గర నేను చెప్పాల్సిన మాట ఒక్కటే.

"ఆ తొందరల తట్టలే" అన్నాను.

బామ్మర్ది నా ముఖం వైపు చూశాడు.

"నీకా? లెక్క తట్టకపోవుడా?" అన్నాడు. కొంచెం నవ్వు కూడా వచ్చింది వాడికి. నేను బస్సు వస్తుందేమోనని రోడ్డు వైపు చూశాను.

అది జరిగి రెండేళ్లు దాటింది. వాడు అక్కడే రోజు కూలికి గడ్డి కోస్తున్నాడు. వాడు కోసిన గ్రీన్ మీద ఆ నలభై ఏడువాడు పిల్లలకు ఆట నేర్పుతాడు. బామ్మర్ది అక్కను చూడ్డానికి వస్తాడు, నేను కార్ఖానాలో ఉండే వేళ చూసుకుని. మగ్గాల మీదివాళ్లు నన్ను ఏడిపించడం మానేశారు. కూలి లెక్క తేడా వస్తే ఇప్పుడు ఫోనులో కొట్టి చూసుకుంటున్నారు.

నా భార్య ఆ సంగతి ఒక్కసారే ఎత్తింది, బీడీలు కట్ట కడుతూ.

"మా తమ్ముడు నిన్ను ఒక్క మాట గూడ అనలే. బావ భయపడ్డడక్కా, పాపం అన్నడు. అంతే."

"ఊఁ" అన్నాను.

"భయపడ్డవా?"

నేను చాట పక్కకు జరిపాను. ఆమె కట్టలు లెక్కపెట్టుకుంది.

భయం కాదని వాడికి చెప్పాలని బయలుదేరిన ఆదివారాలు పదకొండు. హోట్గి రోడ్ దాకా పోయినవి నాలుగు. గేటు దగ్గర బస్సు దిగినది ఒకటి. ఆ రోజు వాడు దూరంగా మిషన్ తోస్తూ కనిపించాడు. తల ఎత్తేలోపల వెనక్కి తిరిగి వచ్చాను.

వాడి ముందు రెండు అబద్ధాలాడాను. సెక్రెటరీ ముందు ఆడినదాన్ని ఫోను బయటపెట్టింది. బస్సు దగ్గర ఆడినదాన్ని వాడు ఇప్పటికీ నిజమనే నమ్ముతున్నాడు. నేను నోటితో దిద్దాల్సినది, ఈ రాసే రోజుకు కూడా బాకీ: ఒకటి.