మా ఇంటి పంపకం విప్లవమా, అంతర్యుద్ధమా

కుందుర్పి దగ్గరి మా ఊళ్ళో యాభై దాటిన ఇద్దరు రైతులకు నేను అమెరికా చరిత్ర చెప్పాను. ఒకరు మా నాయన. ఇంకొకరు ఆయన అన్న, నాకు పెద్దనాయన. ఒకటే పుస్తకం, ఒకటే పాఠం, కానీ రెండుసార్లు చెప్పాలి. ఇల్లూ చేలూ పంచుకున్ననాటి నుంచి వాళ్ళిద్దరికీ మాటల్లేక అప్పటికి తొమ్మిదేళ్ళు. పొద్దున మా వసారాలో నాయనకి, సాయంత్రం గోడవతల పెద్దనాయనకి. బీఈడీ అయిపోయి, డీఎస్సీ ఎప్పుడు పడుతుందా అని గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్న నాకు దొరికిన కొలువు అది. తిట్లు మాత్రం రెండిళ్ళ నుంచీ వచ్చేవి.

ఈ చదువు పిచ్చి మొదట పట్టింది పెద్దనాయనకి. ఎన్నికల్లో నిలబడితే గోడల మీద పేరు పక్కన బి.ఏ. అని ఉండాలని దూరవిద్యలో డిగ్రీ కట్టాడు. విన్న వారానికే నాయనా కట్టాడు. ఆయన మోపెడ్ కొంటే ఈయనా కొన్నాడు, ఆయన గేటుకు పచ్చరంగు కొట్టిస్తే ఈయన గేటు లేకపోయినా తలుపుకు కొట్టించాడు. కాబట్టి నాకేమీ ఆశ్చర్యం కలగలేదు, ఒళ్ళు మాత్రం మండింది.

విప్లవం పాఠం ఇద్దరికీ నచ్చింది. సముద్రం అవతలి రాజు పన్నులేస్తే, ఇవతలివాళ్ళు నీకూ మాకూ చెల్లు అని విడిపోయారు, కొట్లాడి గెలిచారు. రాజు సైన్యం ఓడలెక్కి పోయింది. తకరారు అంతర్యుద్ధం దగ్గర వచ్చింది. అదే దేశంలో దక్షిణాది రాష్ట్రాలు బానిసలను వదులుకోలేక విడిపోతామన్నాయి. ఉత్తరాదివాళ్ళు కుదరదన్నారు, యుద్ధం చేసి గెలిచి మళ్ళీ ఒకటిగా కలిపేశారు.

నాయన కళ్ళద్దాలు తీసి నన్ను పట్టిపట్టి చూశాడు. "ఆడా విడిపోతిమనిరి, ఈడా విడిపోతిమనిరి. ఒకటి విప్లవమెట్లాయ, ఇంకోటి అంతర్యుద్ధమెట్లాయ?"

"గెలిచి వేరే దేశం పెట్టుకుంటే విప్లవం నాయనా. ఓడి ఆ ఇంట్లోనే ఉండిపోతే అంతర్యుద్ధం" అన్నాను. పరీక్షలో నాలుగు మార్కులొస్తే చాలని చెప్పిన మాట అది. నా నోరు ఊరుకోదు కదా. సాయంత్రం గోడవతల కూడా అదే చెప్పాను.

ఆ ఏడు వేరుశెనగకు మొదటి వానలు బాగానే పడ్డాయి. తీరా ఊడలు నేలలోకి దిగి కాయ పట్టే వేళకు మబ్బు మాయమైంది. ఒక్క తడి పడితే కాయ నిలుస్తుంది, లేకపోతే కట్టె మిగులుతుంది. పంపకంలో మాకొచ్చిన బావి ఎండిపోయి ఏళ్ళయింది. పక్క చేలోనే పెద్దనాయన బోరు రెండంగుళాల నీళ్ళు పోస్తోంది. మా చేను పోతే వచ్చే ఏటికి విత్తనం కూడా ఉండదు. నేనే సిగ్గు విడిచి పాఠం మధ్యలో పెద్దనాయనను అడిగాను, ఒక్క తడి ఇవ్వమని.

"ఇయ్యనని నేనెప్పుడన్నా?" అన్నాడు పెద్దనాయన. "మీ నాయన విడిపోయింది విప్లవమా, అంతర్యుద్ధమా, అది తేల్చు. విప్లవమైతే వాంది వేరే దేశం. వేరే దేశానికి నేను మోటరెందుకు ఎయ్యాల? అంతర్యుద్ధమైతే ఇల్లు ఒకటే, ఇప్పుడే పైపులు పరుస్తా. ఆ మాట వాని నోటితోనే చెప్పమను."

నా ఖర్మ కాలి, ఈ రాయబారం గోడ దాటించాను. నాయన ససేమిరా అన్నాడు.

"చెప్పను. ఆ మాటంటే నేను ఓడిపోయినట్టు. పైగా ఆ ఓడినోళ్ళు బానిసల కోసం కొట్లాడినోళ్ళని నువ్వే చెప్తివి. నేనెవురిని బానిసగా పెట్టుకుంటి? ఆ ఇంట్లో పొద్దస్తమానం చాకిరీ చేసింది నేను. నాది విప్లవమే. చేను ఎండితే ఎండనీ."

ఇది విని పెద్దనాయన పుస్తకం అట్ట గోకాడు. "అయితే నేను పన్నులేసే రాజునా? వానికి టైఫాయిడొస్తే భుజానేసుకోని కళ్యాణదుర్గం దాకా నడిచినోన్ని. ఏ రాజు నడిచినాడో నీ పుస్తకంలో చూపీ." తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. ఆయన పెళ్ళాం, మా పెద్దమ్మ, గడప మీద కూర్చుని అలసందలు ఒలుస్తూ అంతా వింటోంది.

పరీక్ష రాయదుర్గంలో. మొదటి బస్సులో నాయన ముందు సీట్లో, పెద్దనాయన వెనక సీట్లో, నడుమ నేను. హాల్ టికెట్ల నంబర్లు పక్కపక్కనే పడి ఇద్దరినీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టారు. మూడు గంటలు బయట వేపచెట్టు కింద పడిగాపులు కాశాను. బయటికొచ్చిన నాయన చేతిలోని ప్రశ్నపత్రం చూస్తే ప్రాణం లేచొచ్చింది. అమెరికా విప్లవానికి, అంతర్యుద్ధానికి భేదాలు రాయుము, పదిహేను మార్కులు.

"ఏం రాసినావు నాయనా?"

"అది ఇడిసిపెట్టినా. అన్న పక్కనే కూచోనుండె. ఆయప్ప ముందర ఏమని రాసేది?"

నవ్వాలో ఏడవాలో తెలియక పెద్దనాయన దగ్గరికి పోయాను. ఆయనా వదిలేశాడు. "వాడు చూస్తాండె" అని తల పక్కకు తిప్పుకున్నాడు. రెండు నెలలు రెండు పూటలా గొంతు చించుకున్నది నేను. తిరుగు బస్సులో ఇద్దరితోనూ మాట్లాడలేదు.

పొద్దు వాలుతుండగా ఊరి ముందర బస్సు దిగాం. అడ్డదారి మా చేల మీదుగానే. ముందు నడుస్తున్న నాయన టక్కున ఆగాడు. మా చేను ఈ చివర నుంచి ఆ చివర దాకా తడిసి నల్లగా ఉంది. ఆకులు నిక్కబొడుచుకుని ఉన్నాయి. పెద్దనాయన బోరు దగ్గర నుంచి మా గట్టు దాకా పైపులు ఈడ్చిన గుర్తులు. మోటరు పక్కన, మోకాళ్ళ దాకా బురదతో పెద్దమ్మ కొంగు పిండుకుంటోంది. పగటి కరెంటు ఉన్నంతసేపూ మోటరు వేసినట్టుంది. మమ్మల్ని చూసి కూడా ఆమె పిండడం ఆపలేదు.

నాయన గట్టు మీద గొంతుక్కూర్చుని మట్టి పిడికిట్లోకి తీసుకున్నాడు. అది ముద్దగా నిలిచింది. తలెత్తి, ఒక్క మబ్బుతునక లేని ఆకాశాన్ని చూశాడు.

"వాన పడినట్టుండాదే" అన్నాడు.

పెద్దనాయన మా వెనకే వచ్చి నిలబడ్డాడు. తడిసిన పైపులను చూశాడు, పెళ్ళాన్ని చూశాడు, తర్వాత తమ్ముడిని చూశాడు.

"పడిండాది లేప్పా" అన్నాడు. "నీ చేన్లో గట్టిగానే పడిండాది."

తొమ్మిదేళ్ళలో ఆయన మా నాయనతో అన్న మొదటి మాట అది.