కుంటి కాకి, కోయని పేజీలు

దయ్యాల మాట నా దగ్గర ఎవరూ ఎత్తరు. ఎత్తితే నేను ఊరుకోను. పదమూడో ఏట నుంచి నెత్తిన చేపల గంప పెట్టుకుని, తెల్లవారకముందే శ్మశానం పక్క దారిన నడిచినదాన్ని. ఆ దారిలో నన్ను భయపెట్టినవి కుక్కలు, తాగిన మగాళ్ళు. మూడోది ఏదీ ఎదురుపడలేదు. పూనకాలు కూడా చూశాను. గంజి తాగించి పడుకోబెడితే అవి దిగిపోయేవి.

ఇప్పుడు రాసేది దయ్యం సంగతి కాదు, ఒక పుస్తకం సంగతి. దయ్యమైతే ఇంత తికమక ఉండేది కాదేమో.

మాది బోగోలుకు తూర్పున, సముద్రం ఒడ్డున ఒక పాళెం. నాకు అక్షరాలు వచ్చింది ముప్పై ఏళ్ళు దాటాక, పంతొమ్మిది వందల యాభైల చివర. ఒక అయ్యవారు మధ్యాహ్నాలు వలల పాక కింద ఆడవాళ్ళకు చదువు చెప్పడానికి వచ్చాడు. పదిమందిమి మొదలుపెడితే చివరకు నేనొక్కదాన్నే మిగిలాను. తెలివిగలదాన్నని కాదు, మొండిదాన్ని. ఆయన బదిలీ మీద పోతూ నాకొక మాయల నవల ఇచ్చిపోయాడు. అందులో ఒక పడవ గాలిలో ఎగురుతుంది. పడవ అంటే ఏమిటో తెలిసినదాన్ని గనక ఆ మాట నన్ను పట్టుకుంది. చదివేసరికి రెండు నెలలు పట్టింది. అయిపోయిన రోజు ఏడ్చాను, అయిపోయినందుకు.

ఆ తరువాత మా ఎండబోత దగ్గర, అంటే చేపలు ఎండబెట్టే చోట, ఆడవాళ్ళందరం కలిసి మద్రాసు నుంచి నవలలు తెప్పించుకోవడం మొదలుపెట్టాం. నెలకొక భాగం పోస్టులో నా పేరున వచ్చేది. పెళ్ళిలో, పురుట్లో తప్ప నా పేరు ఎవరూ ఎక్కడా పిలిచింది లేదు. కాగితం మీద "కోటమ్మ గారికి" అని చూసుకుంటే ఒళ్ళు ఝల్లుమనేది.

చదివే చోటు ఎండబోతే. మగాళ్ళు తెచ్చిన నెత్తళ్ళు, ఆ చిన్న చేపలు, ఇసుకలో పరిచి ఎండబెట్టడం మా పని. పరిచినప్పటి నుంచి ఎత్తేదాకా కాకులను తోలాలి. అయిదారుగురం పొడుగు కర్రలు పట్టుకుని చుట్టూ కూర్చునేవాళ్ళం. చేతికి కర్ర ఉండేది, నోటికే పని ఉండేది కాదు. అందుకని నేను చదివేదాన్ని, వాళ్ళు వినేవాళ్ళు. నాది వేలు పెట్టి, కూడబలుక్కుని చదివే చదువు. మా పక్కింటి రవణమ్మకు అది ఒళ్ళుమంట.

"రాక్షసుడు ఆ తలుపు తీసేలోపల చేపలు కాదమ్మే, మేము ఎండిపోతాం," అనేది.

కథలో మంచి పట్టు వచ్చినప్పుడు అందరూ కర్రలు మరిచిపోయేవాళ్ళు. కాకులకు ఆ సంగతి తెలిసిపోయింది. కథ రంజుగా ఉన్న రోజు చేపలు తక్కువ తేలేవి. ఇంట్లో మగాళ్ళు అడిగితే, ఎండకు ముడుచుకుపోయినాయి అని చెప్పేవాళ్ళం.

ఆ కాకుల్లో ఒకటి కుంటిది. ఎడమ కాలు మడిచే ఉండేది. ఎగిరినప్పుడు కుడి రెక్కలో ఒక్క తెల్ల ఈక కనిపించేది. దాన్ని కుంటోడు అని పిలిచేవాళ్ళం. మాతోపాటే కాకులు తోలే మా అత్తకు, మా ఆయన తల్లికి, దానితో పాత పగ.

"నీ కాలిరగా!" అని కర్ర విసిరేది.

"ఇరిగే ఉండాది గదత్తా, ఇంకేదన్నా తిట్టు," అనేదాన్ని నేను.

మా అత్తకు అక్షరం రాదు. కానీ కథ ఆమెకు ఎక్కినట్టు ఎవరికీ ఎక్కేది కాదు. ఏ పుస్తకం ఏదో అట్ట మీది బొమ్మను బట్టి చెప్పేది. అట్ట వెనక, త్వరలో రాబోయే నవలల సంగతి వేసేవాళ్ళు. నీళ్ళ కింద పట్నం ఒకటి, గాలిని మూటగట్టిన మనిషి ఒకడు. ఆ వెనక అట్ట నా చేత పదిసార్లు చదివించేది.

"నీళ్ళ కింద పట్నం ఉంటే మనోళ్ళ వలలో ఒక్క చెంబన్నా పడేది గదా?" అనేది. నమ్మేది కాదు. అయినా అది ఎప్పుడొస్తుందో అని పున్నములు లెక్కపెట్టేది.

అరవైల మొదట్లో ఒక నవల నాలుగు భాగాలుగా వచ్చింది. ఒక మాంత్రికుడు కోటను పట్టుకుని ఊరందరినీ రాళ్ళు చేస్తాడు. రాకుమారి ఒక్కతే మిగులుతుంది. వాడి ప్రాణం ఎక్కడ దాచాడో కనిపెడితేనే వాడు లొంగుతాడు. మా అత్త మొదటి భాగంలోనే తీర్పు చెప్పేసింది: "వాడికి ఇంట్లో అరిచే పెళ్ళాం లేదు. అందుకే ఇన్నేసి వేషాలు."

మూడో భాగం చివర రాకుమారి ఏడు పెట్టెలు తెరుస్తుంది. ఏడూ ఖాళీ. ప్రాణం ఈ కోటలోనే లేదని మాంత్రికుడు నవ్వుతాడు. అంతే, అక్కడ ఆపేశాడు రాసినాయన. మాలో ఒకరు పాములో ఉంటుందన్నారు, ఒకరు ముత్యంలో అన్నారు. రవణమ్మ, రాకుమారి పాపిడిబిళ్ళలోనే ఉంటుంది చూడండి అని పందెం కాసింది.

నాలుగో భాగం కోసం చూస్తున్న ఆ నెలలోనే మా అత్తకు కడుపులో గడ్డ అని తేలింది. నెల్లూరు ఆసుపత్రిలో చూపించాం. కోసి తీయాలి, నెల దాటితే నా చేతిలో లేదు, సోమవారం తీసుకురండి అన్నాడు డాక్టరు.

మా అత్త రానంది.

"ఆ బల్ల మీద నుంచి లేస్తే సరే. లేవకపోతే? వాడి ప్రాణం యాడుందో తెలవకుండా నేను పోవాల్నా? పుస్తకం రానీ, అప్పుడు పోదాం."

మొదట నవ్వాం. తరువాత చూస్తే ఆమె నవ్వడం లేదు. భయానికి ఆమె పెట్టుకున్న పేరు ఆ పుస్తకం అని నాకు అప్పుడు తెలియదు. మా ఆయన బతిమాలాడు, కోప్పడ్డాడు. కదలలేదు. రాత్రి పూట కడుపు పట్టుకుని మూలగడం గోడ అవతల నుంచి మాకు వినిపిస్తూనే ఉండేది.

పుస్తకం చూస్తే రాదు. ఆ ఏడాది వానలకు ఎక్కడో రైలుకట్ట తెగింది. పోస్టు మూటలు దారిలోనే ఆగిపోయాయి. పోస్టుమాను కనిపిస్తే చాలు నేను పరుగెత్తేదాన్ని. "నేనేమన్నా రాసేవాణ్ణా తల్లీ, మోసేవాణ్ణి," అని చేతులెత్తేశాడు.

ఆదివారం వచ్చింది. మరునాడు పొద్దున బస్సు. వానలు వెలిసి ఎండ కాస్తోంది. నెత్తళ్ళు పరిచాం. నేను మూడో భాగానికి పేపరు అట్ట వేశాను, బొమ్మ కనపడకుండా. రవణమ్మకు ఒక్కదానికే చెప్పాను.

"అత్తా, వచ్చిండాది," అన్నాను.

నాకు అబద్ధం చెప్పడం వచ్చు. చేపలమ్మేదానికి రాకుండా ఎట్టా ఉంటుంది? కానీ చదువుతున్నట్టు అబద్ధం చెప్పడం ఎప్పుడూ చేయలేదు. వేలు పాత వాక్యాల మీద నడుస్తోంది, నోరు ఏదో అంటోంది. రాకుమారి కోట దిగింది, అడవి దాటింది, ఇసుక మీదికి వచ్చింది. అక్కడిదాకా లాగాను. ఇంక ప్రాణం ఎక్కడుందో చెప్పాలి. బుర్ర ఖాళీ. రవణమ్మ దగ్గుతోంది. మా అత్త కళ్ళు మూసుకుని నా మాట కోసం కాచుకుని ఉంది.

అప్పుడు కుంటోడు దిగి ఒక చేప ఎత్తుకుని తెప్ప మీద కూర్చున్నాడు.

నా నోట్లోంచి వచ్చేసింది. మాంత్రికుడి ప్రాణం ఒక కుంటి కాకిలో ఉంది. ఎడమ కాలు కుంటి, కుడి రెక్కలో ఒకటే తెల్ల ఈక. ఎండుచేప వేస్తే తప్ప అది నేల దిగదు.

మా అత్త కళ్ళు తెరిచింది. తెప్ప వైపు చూసింది.

"నేను అనుకుంటానే ఉండా, వాడి చూపే మంచిది కాదని," అంది. మళ్ళీ నా వైపు తిరిగి అడిగింది. "చంపుతుందా?"

రాకుమారి దాని మెడ విరిచేస్తుందని చెబుదామనే నేను మొదలుపెట్టింది. కానీ ఆ అడగడం కాకి గురించి అడిగినట్టు లేదు. చెయ్యి కడుపు మీద ఉంది. చావు మాట నా నోటికి రాలేదు.

చంపలేదు అన్నాను. కాకిని పట్టుకుని రాకుమారి ఇలా అన్నదని చదివాను: "రోజుకొక చేప వేస్తాను. తిన్నన్నాళ్ళు కాపలా కాయి." మాంత్రికుడు తలవంచాడు. రాళ్ళయిన వాళ్ళంతా లేచారు. పుస్తకం మూశాను.

"సరేమే. బస్సు ఎన్ని గంటలకు?" అంది మా అత్త.

బుధవారం కోశారు. గడ్డ తీశారు. బతికింది. మూడు రోజులకే పక్క మంచం ఆవిడకు కాకి కథ మొత్తం చెప్పిందట.

ఆ శనివారం పుస్తకం వచ్చింది. నేను కట్టు విప్పలేదు. ఆమెను మోసం చేసి, ఆమె లేకుండా నేను అసలు కథ చదువుకుంటే అది రెండో మోసం. రవణమ్మ రోజూ వచ్చి, దారం కొంచెం జరిపి చూద్దాం రామ్మే అని పోరేది. బియ్యం కుండలో అడుగున పెట్టాను. ఆ మూడు వారాలు నేను పడ్డ బాధ నాకు తెలుసు. పెళ్ళికి ముందు కూడా అంత ఎదురు చూడలేదు.

అత్త ఇంటికొచ్చాక ఎండబోత దగ్గర అందరి ముందూ ఒప్పుకున్నాను. ఆ రోజు చదివింది నా కల్పన, అసలుది ఇదీ అని పుస్తకం కట్టు ఆమె ఒళ్ళో పెట్టాను. ముడి ఆమే విప్పింది. అప్పట్లో ఆ పుస్తకాలు అంచులు కోయకుండా వచ్చేవి. పేజీలు మడతలుగా అతుక్కుని ఉండేవి, కొన్నవాళ్ళే కోసుకోవాలి. చేపలు కోసే కత్తి కడిగి తెచ్చి, అందరూ చూస్తుండగా ఒక్కొక్క మడతా కోశాను. కోస్తూ చదివాను.

మొదట ఒక యుద్ధం ఉంది. అది నేను చెప్పలేదు. ఒక ముసలి మంత్రి ఉన్నాడు. వాణ్ణీ చెప్పలేదు. నాకు ధైర్యం వచ్చింది. తరువాతి మడత కోశాను. రాకుమారి ఇసుక మీదికి వచ్చింది. అక్కడ జాలరి స్త్రీలు చేపలు ఎండబెడుతున్నారు. ఒక కుంటి కాకి. ఎడమ కాలు. కుడి రెక్కలో ఒకే తెల్ల ఈక.

నా వేలు ఆగిపోయింది. రవణమ్మ చేతిలో కర్ర జారి చేపల మీద పడింది. ఎవరూ తీయలేదు.

"ఆపినావేందిమే, చదువు," అంది మా అత్త.

చదివాను. "రోజుకొక చేప వేస్తాను. తిన్నన్నాళ్ళు కాపలా కాయి." ఒక్క అక్షరం అటూ ఇటూ లేదు.

"ఇది చదివిందే గదా," అంది మా అత్త విసుగ్గా. "పుస్తకం ముందే వచ్చిండాది. నన్ను ఏడిపించడానికి దాచిపెట్టి, ఇప్పుడు కథ నాదంటుండావు. యుద్ధం ఎందుకు ఎగరగొట్టినావు, అది చెప్పు ముందు!"

ఎంత చెప్పినా నమ్మలేదు. నేను దొంగనని ఊరంతా చెప్పింది. నిజం తెలిసింది నాకూ, రవణమ్మకే.

కట్టు పై కాగితం మీద మద్రాసు పోస్టు ముద్ర నేను స్పష్టంగా చదివాను. ఆ తేదీ నేను కథ చెప్పిన ఆదివారానికి తొమ్మిది రోజుల ముందుది. అంటే నేను నోరు తెరిచే నాటికే అది అచ్చయి ఉంది. మా మాట ఆ రాసినాయన చెవిన పడే వీలు లేదు. ఆయన మాట నా చెవిన పడే వీలూ లేదు. ఏ కాకిని చూసి నేను చెప్పానో ఆ కాకి మా ఎదురుగా ఉంది. మద్రాసులో కూర్చున్నాయనకు అది ఎట్లా కనపడింది?

ఆయనకు కార్డు రాశాను. నేను రాసిన మొదటి ఉత్తరం అదే. ఆయన పేరు ఇక్కడ వేయను, పెద్దమనిషి. జవాబు వచ్చింది. "మా కిటికీకి కాకులు చాలా వస్తాయమ్మా, కుంటిది ఒక్కటీ లేదు. మొదట పాము అని రాసుకున్నాను. ఎందుకు మార్చానో ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు," అని ఉంది. కింద, నీళ్ళ కింద పట్నం వచ్చే నెల విడుదల అని రాశాడు. ఆ ముక్క చదివాక మా అత్తకు మిగతాది పట్టలేదు.

ఆమె ఆ తరువాత పదకొండేళ్ళు బతికింది. ఒక్క నవల వదల్లేదు. కుంటోడికి కర్ర విసరడం మానేసి, వాడు కనిపించినన్నాళ్ళూ రోజుకొక చేప వేసింది. కథ పట్టులో ఆగినప్పుడల్లా నా మోకాలు పొడిచేది. "పుస్తకం మూసి చెప్పుమే, నీకు ముందే తెలుసుగా."

చెప్పేదాన్ని. ఒక్కటీ కలవలేదు. పాము అంటే దీపం వచ్చేది, దీపం అంటే ముసలిది వచ్చేది. కలిసింది ఆ ఒక్కసారే, ఆమె బస్సెక్కాల్సిన ఆ ఒక్క ఆదివారమే. అది ఎందుకో నాకు అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. దేవుడంటే దేవుడనండి, నేను మాత్రం తెలియదనే అంటాను.

నిన్న కొత్త నవల ఒకటి వచ్చింది. ఇప్పటి పిల్ల ఎవరో రాసింది. చంద్రుడి మీద చేపలు పట్టేవాళ్ళ కథ. ఈ రోజుల్లో పేజీలు కోసే పని లేదు, అదొక్కటే వెలితి. మూడో ప్రకరణం దగ్గర వల బరువెక్కింది. లోపల ఏముందో తెలియక ఆపి, ఇది రాయడానికి కూర్చున్నాను. ఏముంటుందో ఊహ ఒకటి ఉంది గానీ, పైకి చెప్పను.