పెద్దదొర అని కొడితే

మా ముత్తాత సుల్తానాబాద్ పక్క మా ఊళ్లన్నిటికీ దేశ్‌ముఖ్. చెప్పులు తొడుక్కుని ఆయన ఎదుటికి వచ్చినవాడు లేడు. ఆయన కొడుకు, మా తాత, చెరువుల తూముల గురించి, కాలువల గురించి ఒక పుస్తకం రాసి సొంత ఖర్చుతో అచ్చు వేయించారు. తరవాత గడీ కూలింది, భూములు పోయాయి. తాత పేరు అచ్చులో మిగిలింది ఆ పుస్తకం మీదే. దాన్ని ఒక్కసారి చేతిలోకి తీసుకోవాలని నా పట్టుదల.

తాత తన పుస్తకాలన్నిటినీ టేకు బీరువాలతో సహా కరీంనగర్‌లో ఒక గ్రంథాలయానికి ఇచ్చారు. వాళ్ల కాటలాగ్ ఆన్‌లైన్‌లోకి వచ్చిందని విని ఫోన్‌లో వెతికాను. మా ఇంట్లో తాత పేరును ఎవరూ నోటితో పలకలేదు. నాయనమ్మ సైతం పెద్దదొర అనే అనేది. నేనూ అదే కొట్టాను. దొరల దుర్మార్గాల మీద రాసిన నవలలు వరుసగా వచ్చాయి. ఫోన్ బోర్లా పెట్టేశాను.

మర్నాడు బస్సెక్కి కరీంనగర్ వెళ్లాను. గ్రంథాలయంలో కీబోర్డు మీద ఎవరో చాయ్ ఒలకబోశారు. మీటలు వేలికి అంటుకుంటుంటే మళ్లీ పెద్దదొర అనే కొట్టాను. మళ్లీ అవే నవలలు. బల్ల దగ్గరి ఉద్యోగిని తొంగిచూసింది.

"పెద్దదొర అని కొడితె యాడికెల్లి వస్తది సార్? గాయన పేరు కొట్టుండ్రి. దొర ఎవలో జీతగాడు ఎవలో కంప్యూటర్‌కు ఎరుకుండదు."

"ఆ పేరు నేను పలుకను."

"పలుకుమన్లే సార్, కొట్టుమన్న."

చివరికి చీటీ మీద 'గారు' చేర్చి రాసిచ్చాను. ఆమె 'గారు' వదిలేసి, బడిలో హాజరు పిలిచినట్టు హాలంతా వినపడేలా చదువుతూ కొట్టింది. పోటీ పరీక్షలకు చదివేవాళ్లు తలలెత్తి చూశారు.

తాత పేరు తెర మీదికి వచ్చింది. కింద పుస్తకం పేరు. ప్రతులు ఒకటి. ఆ పక్కన 'తొలగించినది' అని ఉంది.

"దొరికింది గద సార్," అన్నది.

"తొలగించినది అంటే ఏంది?"

"బుక్కు లేదన్నట్టు. చెదలు పట్టినయన్ని తీసేసిన్రు. కంప్యూటర్ల పేరు మాత్రం తియ్యలే." నా ముఖం చూసి అడిగింది. "మీ తాతనా? మీ ఇంట్ల ఒక్కటన్న ఉంచుకోవద్దా?"

ఇచ్చినదాంట్లోంచి ఒకటి దాచుకోవడం మా ఇంటి పద్ధతి కాదు. ఆమెకు ఆ మాట చెప్పదలచుకోలేదు. చేతులు కడుక్కుందామని వెళితే కుళాయిలో నీళ్లు లేవు. జిగట వేళ్లతోనే తిరిగొచ్చి, మిగతా పుస్తకాలు, బీరువాలు ఏమయ్యాయని అడిగాను.

పుస్తకాలను పాత పేపర్లతో కలిపి తూకానికి అమ్మారు. టేకు బీరువాలను వేలం వేశారు.