కాలు కింద పెట్టనియ్యని భోగం

మొన్న కరీంనగర్‌లో డాక్టరమ్మ నా రిపోర్టులు తిరగేస్తూ రోజుకు ఎన్ని గంటలు కూర్చుంటారని అడిగింది. టీవీ ముందు ఎంతసేపు గడుపుతానో నిజం చెప్పడానికి సిగ్గేసి, సగానికి తగ్గించి చెప్పాను. కదలకుండా కూర్చునేవాళ్లకు కొన్ని రకాల క్యాన్సర్ల ముప్పు ఎక్కువట, గర్భసంచికి వచ్చేది అందులో ఒకటట. ఆ మాట విన్నప్పటి నుంచీ కళ్లముందు మా అవ్వే, నన్ను కన్నతల్లే.

డెబ్బైలలో లక్సెట్టిపేట దగ్గర మా ఊరికి కాలువ నీళ్లు పారి, మా బాపుకు నాలుగు మళ్లూ ఊరి పెత్తనమూ కలిసొచ్చాక, తన భార్య ఇక పొలంగట్టు తొక్కకూడదన్న పిచ్చి ఒకటి పట్టుకుంది. నాట్లలో అందరికన్నా ముందుండే మనిషిని అరుగు మీద పేము కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆమె చీపురు పట్టినా పరువు పోయినట్టే. బాపు మంచిర్యాల పోయిన రోజు చూసుకుని అవ్వ చాటుగా పొలానికి పోయి, మడిలో దిగి, వచ్చి కాళ్లు కడుక్కుని ఏమీ ఎరగనట్టు కూర్చునేది. వెనకే పొంచి పోయి చూసి, సాయంత్రం బాపుకు చెప్పేది నేనే. ఆయన తెచ్చే బిస్కెట్ల కోసం తల్లిని తిట్టించిన దౌర్భాగ్యురాలిని. కూలీల ముందు నిలబెట్టి తిట్టేవాడు. మూడోసారికి అవ్వ పోవడం మానేసింది. నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు.

పదిహేనేండ్లు కూర్చుంది. ఒళ్లు వచ్చింది, మోకాళ్లు పట్టేశాయి. ముట్లుడిగిన రెండేండ్లకు మళ్లీ రక్తం కనబడితే సిగ్గుతో దాచుకుంది. హైదరాబాదు తీసుకుపోయేసరికి గర్భసంచి క్యాన్సర్ ముదిరిపోయింది. ఇంట్లో ఏం పని చేస్తుందని అక్కడి డాక్టరు అడిగితే, "కాలు కింద పెట్టనియ్యలే సారూ, రాణి లెక్క కూసోబెట్టి సాకిన" అన్నాడు బాపు, ఎంతో గర్వంగా.

కూర్చోవడం వల్లనే వచ్చిందని ఎవరూ తేల్చి చెప్పలేరని మొన్న డాక్టరమ్మే అంది. ఆ మాట పట్టుకుని తప్పించుకుందామనుకుంటాను గాని, నావల్ల కావడం లేదు.

ఆఖరు నెలలో నాట్లు పడుతుంటే అవ్వ, "ఒక్కపారి పొలం కాడికి తోల్కపో బిడ్డా" అంది. ఈసారి బాపు అడ్డం చెప్పలేదు. నలుగురు కూలీలు కుర్చీతో సహా ఎత్తుకుపోయి గట్టు మీద దింపారు. వాచిన ఆమె పాదాలు నేనే పట్టుకుని బురదలో పెట్టాను. చాలాసేపు చూసుకుని, "ఏం తెలుస్తలేదు బిడ్డా, ఇగ ఇంటికి పోదాం" అంది.

ఇప్పుడు మా ఊళ్లో నాట్లు యంత్రమే వేస్తోంది. పొలానికి పోవద్దనే మగవాళ్లు లేరు, పోతామని కొట్లాడే ఆడవాళ్లూ లేరు. నన్నైతే రోజూ నడవమంటున్నారు, ఎవరినైనా తోడు తీసుకొమ్మంటున్నారు. అవ్వ వెనక అన్నిసార్లు నడిచినదాన్ని, ఆమె పక్కన ఒక్కనాడూ నడవలేదు.