ఢిల్లీకి పోయిన ఉప్పునీళ్ళు

ముందే చెప్పేస్తున్నాను, నాకు పెంచి చెప్పే జబ్బు ఉంది. చీమ కనిపిస్తే దానికో తొండం తగిలించందే నాకు అన్నం సయించదు.

కుందుర్పి దిక్కున ఉన్న మా ఊరి బావి నీళ్ళు అంత ఉప్పన. పప్పు పెడితే పొయ్యిరాళ్ళు ఉడికేవి గానీ పప్పు ఉడికేది కాదు. ఆ బావిలో కప్పలు పొద్దుగూకితే పక్క ఊరికి పోయి దాహం తీర్చుకొచ్చేవి.

కప్పల సంగతి ఎలా ఉన్నా, మా అన్నకు పెళ్ళి కాకపోవడం నిజం. కళ్యాణదుర్గం పిల్ల అన్నకు నచ్చింది, ఆ పిల్లకూ అన్న నచ్చాడు. పిల్ల నాయన మాత్రం, “నా బిడ్డ నీళ్ళకు కొండ ఎక్కి దిగల్లనా? మంచినీళ్ళ బావి పడినాక రాండప్పా” అని చెప్పేశాడు.

అరవైల్లో, సరిగ్గా ఆ రోజుల్లోనే, మా ఎంపీ ఊరికి వచ్చాడు. అందరూ మా అరుగు ముందు చేరి నీళ్ళ గోడు వెళ్ళబోసుకున్నారు. అమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చింది. ఆయన గటగటా తాగి మూతి తుడుచుకున్నాడు.

“ఏమప్పా, నన్ను ఆట పట్టిస్తాండారా? కొబ్బరినీళ్ళ మాదిరి ఉండాయే! వీటి గురించి ఢిల్లీలో ఏమని అడగల్ల?”

తప్పు మాదే. ఇంటికొచ్చినవాళ్ళకు మా బావి నీళ్ళివ్వడం మాకు నామోషీ. కొండవతల నుంచి మోసుకొచ్చిన తియ్యనీళ్ళు చుట్టాల కోసమని ప్రతి ఇంట్లో ఓ కుండలో దాచేవాళ్ళం. వచ్చిన ప్రతి అధికారీ అవే తాగి, ఇక్కడేమీ ఇబ్బంది లేదనుకుని వెళ్ళేవాడు.

మా అన్న చటుక్కున లేచి లోపలి నుంచి బావి నీళ్ళు ముంచుకొచ్చాడు. అమ్మ అడ్డం పడింది.

“వచ్చినోళ్ళకు ఆ నీళ్ళిచ్చి ఇంటి మానం తీస్తావేమిరా?”

“మానం పోతే పోనీమ్మా. నాకు పెండ్లి కావల్ల!”

ఎంపీ నవ్వి ఒక గుక్క తాగాడు. ఆయన మీసాలు రెండూ పరుగెత్తి చెవుల వెనక దాక్కున్నాయి.

“ఇప్పుడు సరిపోయింది,” అన్నాడు తేరుకుని. “ఆడ ఊరికే లేసి అరిస్తే జరగదప్పా. ముందు ప్రశ్న రాసియ్యల్ల. అందరి ప్రశ్నలకూ చీట్లేస్తారు, దాంట్లో మనది రావల్ల. మంత్రి ‘ఆ పని మీ రాష్ట్రానిది’ అని తప్పించుకుంటాడు. అప్పుడు దాని మీద ఇంకో ప్రశ్న అడగనిస్తారు. నేనే తాగి చూసినాననే మాట ఆడ పనికొస్తాది.”

అన్న ఒక సీసా నిండా ఆ నీళ్ళు పోసి జీపులో పెట్టాడు.

ఇక సభ. మంత్రి అచ్చం అదే జవాబిచ్చాడు. మా ఎంపీ సీసా తీసి ఆయన ముందు పెట్టాడు. మంత్రి ఒక్క గుక్క తాగాడో లేదో, బయటికొచ్చిన నాలుక ఎంతకీ లోపలికి పోలేదు. ఉత్తరాదివాళ్ళూ దక్షిణాదివాళ్ళూ ఒక్క గొంతుతో “నీళ్ళు! నీళ్ళు!” అని కేకలు పెట్టారు. దేశం అంత ఐకమత్యంగా ఉండటం అదే మొదలు.

ఆ తర్వాత ఇంజనీరు వచ్చాడు. వంక పక్కన సర్కారు బావి తవ్వించాడు. బండ పగిలి తియ్యనీళ్ళు పడిన రోజు ఊళ్ళో పలక డప్పులు మోగాయి. ముసలివాళ్ళు కూడా ఒకరి మీద ఒకరు నీళ్ళు చల్లుకున్నారు.

ఇక ఒప్పుకుంటున్నాను, మంత్రి నీళ్ళు తాగడం నా కల్పన. సభలోకి సీసా రానివ్వరట. “ఆ నీళ్ళు నేను తాగినాను, మంత్రిగారు తాగుతారా?” అని మా ఎంపీ అడిగితే సభంతా నవ్విందనీ, మంత్రి రాష్ట్రానికి రాస్తానన్నాడనీ మాత్రం కళ్యాణదుర్గం హోటల్లో పేపరు చదివి తెలుసుకున్నాం.

పెళ్ళి మాత్రం కల్పన కాదు. పిల్ల నాయన కొత్త బావి దగ్గరికి వచ్చి, తానే చేది, దోసిట పట్టి తాగాడు. తడి చేతులు పంచెకు తుడుచుకుంటూ మా అన్న వైపు తిరిగాడు.

“ఏమల్లుడా, ముహూర్తం ఎప్పుడు పెట్టుకుందాం?”